కరివేపాకు మోసిన పేరు

ఉక్కు కర్మాగారములో పనికై వచ్చి జమ్షెడ్‌పూరులోను, దాని ప్రక్కనే యున్న జుగ్సలాయిలోను స్థిరపడిన తెలుగు కుటుంబములు తమతో తెచ్చుకొన్నవానిలో బైబిలు ఒకటి, కరివేపాకు రుచి మరియొకటి. పెరడు లేనివారు పాత డబ్బాలో మన్ను పోసియైనను ఆ మొక్కను పెంచుకొందురు. ఆ మొక్క శాస్త్రనామములో ఒక మిషను వైద్యుని పేరు దాగియున్నదని మనలో ఎందరికి తెలియును? ఆయన కాకినాడ జగన్నాథపురములో కన్నుమూసిన యోహాన్ గెర్హార్డ్ కోనిగ్.

కోనిగ్ 1728 నవంబరు 29న బాల్టిక్ సముద్రతీరమందలి లివోనియా దేశములో జన్మించెను. అది నేటి లాట్వియా ప్రాంతము. మొదట మందుల తయారీ నేర్చుకొని, 1757లో స్వీడను దేశపు ఉప్సాలాలో లిన్నేయసు అను మహాశాస్త్రజ్ఞునికి శిష్యుడయ్యెను. ప్రతి మొక్కకు జాతినామమొకటి, ఉపనామమొకటి కలిపి రెండు మాటల పేరు పెట్టు పద్ధతిని స్థిరపరచినవాడు లిన్నేయసే. పిమ్మట కోనిగ్ డెన్మార్కులో నివసించి, 1765లో ఐస్‌లాండు ద్వీపమునకు వెళ్లి మొక్కలను సేకరించెను. చలినేలలో అంగుళమో రెండంగుళములో పెరుగు ఒక అల్పమైన మొక్కకు గురువు శిష్యుని పేర కోనిగియా అని నామకరణము చేసెను.

1768లో ఆయన తరంగంబాడి చేరెను. జీగెన్‌బల్గు 1706లో పాదము మోపిన ఆ రేవులోని లూథరను మిషనుకు వైద్యుడుగా వచ్చెను. రోగులను చూచుట ఆయన ఉద్యోగము. మొక్కలను వెదకుట ఆయన ప్రాణము. 1773లో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయము దూరమందున్న ఆయనకు డాక్టరు పట్టమిచ్చెను. ఆయా దేశముల వ్యాధులను అక్కడనే దొరకు ఔషధములతో జయింపవచ్చుననుట ఆయన వ్యాసవిషయము.

క్రొత్త మొక్కను వర్ణించుట తేలికపని కాదు. పూవు, కాయ, ఆకు అన్నియు కలిగిన కొమ్మను సరియైన కాలములో కోయవలెను. పూరేకులను, కేసరములను లెక్కించి, ఎక్కడ దొరికెనో వ్రాసి, కాగితముల నడుమ అదిమి ఆరబెట్టవలెను. అప్పటివరకు తెలిసిన జాతులన్నిటితో పోల్చి చూచిన తరువాతనే అది క్రొత్తదని చెప్పుటకు వీలగును. మన తేమగాలిలో బూజు ఒక శత్రువు, చెదలు మరియొకటి. కోనిగ్ ఆ చెదలను సయితము ఊరక చంపివేయక ఓర్పుతో పరిశీలించి, వాటి జీవనమును గూర్చి వ్రాసిన వ్యాసమును 1779లో బెర్లినులో ప్రచురింపజేసెను.

ఆయన ఇండియానుండి పంపిన మొక్కలలో మన కరివేపాకు ఒకటి. 1771లో లిన్నేయసు దానికి బెర్గెరా కోయెనిగీ అని పేరు పెట్టెను. తరువాతి శాస్త్రజ్ఞులు దానిని ముర్రయా జాతిలో చేర్చిరి. ఇటీవలి వారు మరల బెర్గెరా అనుచున్నారు. మొదటి మాట మారుచు వచ్చినను కోనిగ్ పేరు మాత్రము కదలలేదు.

మిషను ఇచ్చు వేతనము యాత్రలకు చాలకపోగా, 1774లో ఆయన ఆర్కాటు నవాబు కొలువులో ప్రవేశించెను. 1778లో ఈస్టిండియా కంపెనీవారు ఆయనను నియమించి, వర్తకమునకు పనికివచ్చు మొక్కలను వెదకుటకై సయాముకును మలక్కాకును పంపిరి. మిషను విడిచి నవాబును, కంపెనీని కొలిచిన వానిని భక్తుల వరుసలో నిలుపవచ్చునా అని కొందరు సందేహింపవచ్చును. ఆ సందేహము న్యాయమైనదే. కోనిగ్ సువార్తికుడు కాడు, మనము ఆయనను సువార్తికునిగా చేయనక్కరలేదు. కంపెనీ కన్ను లాభముమీద ఉండెననుటయు నిజమే. అయినను ఆయన యజమానులు మారిరి గాని పని మారలేదు. దేవుడు చేసినదానిని ఉన్నది ఉన్నట్లుగా చూచి, ఉన్నది ఉన్నట్లుగా వ్రాయుటయే ఆ పని.

1784లో ఆయన కలకత్తాకు బయలుదేరి, మార్గములో విశాఖపట్టణమందు పాట్రిక్ రస్సెల్ అను వైద్యుని కలిసికొనెను. అంతలో తీవ్రమైన రక్తవిరేచనములు పట్టుకొనెను. సామర్లకోటలో నున్న యువవైద్యుడు విలియం రాక్స్‌బరో ఉపచారము చేసెను గాని ఫలింపలేదు. 1785 జూన్ 26న, తన 57వ యేట, కోనిగ్ జగన్నాథపురములో మరణించెను. మహాగ్రంథమేదియు తన పేర వెలువడకమునుపే జీవితము ముగిసెను. వ్రాతప్రతులు లండనులోని జోసెఫ్ బ్యాంక్సునకు చేరెను. ఆయన వర్ణనలు కొన్నిటిని స్వీడను పండితుడు రెట్జియసు తన గ్రంథములో ప్రకటించెను. రాక్స్‌బరో 1795 మొదలు ప్రకటించిన కోరమండలు తీరపు మొక్కల గ్రంథము మూడు వందల చిత్రములతో, మొక్కల తెలుగు పేర్లతో వెలసెను. మా దల్మా కొండలమీది సాలవృక్షమునకు శాస్త్రనామము నిర్ణయించినవాడును ఆ రాక్స్‌బరోయే. ఒకడు విత్తెను, మరియొకడు కోసెను.

అనువాదకునిగా నన్ను ఒక ప్రశ్న వెంటాడుచుండును. కోనిగ్ రాకమునుపే కరివేపాకు మన తల్లుల పోపులో చిటపటలాడుచుండెను గదా, ఆయన కనుగొన్నదేమి? ఆదికాండములో ఆదాము జంతువులకు పేర్లు పెట్టెను గాని వాటిని సృజింపలేదు. పేరు పెట్టువాడు సృష్టికర్త కాడు, సాక్షి మాత్రమే. కోనిగ్ మన పెరటి మొక్కను లోకమంతయు గుర్తించునట్లు సాక్ష్యమిచ్చెను. ఆ సాక్ష్యమెంత అవసరమో బైబిలు అనువాదకులకు తెలియును. హిస్సోపు ఏ మొక్కయో నిశ్చయముగా తేలనందుననే మన తెలుగు బైబిలులో ఆ మాట అట్లే నిలిచియున్నది. చూచినవాడు స్పష్టముగా వ్రాసియుంచనియెడల తరువాతి తరము మాటను చేతపట్టుకొని మొక్కకై తడవులాడును.

ప్రియ చదువరీ, నీ సేవ ఇతరుల గ్రంథములో ఒక పంక్తిగా మిగిలిపోవునేమోయని కృంగుచున్నావా? కూరలో కరివేపాకును ఏరి ప్రక్కన పెట్టుదుము గాని దాని పరిమళము అప్పటికే కూరయంతట వ్యాపించియుండును. రేపు ఆ రెమ్మను దూసినప్పుడు జగన్నాథపురములో కన్నుమూసిన ఆ పరదేశిని ఒక్క క్షణము తలంచుము. నీ వంతు పనిని నమ్మకముగా ముగించి, కోతను ప్రభువునకు విడిచిపెట్టుము.