పరుల సొమ్ముకు కాపలా – డాక్టర్ పట్టాభి సీతారామయ్య

వ్యాపారంలో పైకి రావాలంటే ఏం కావాలి? కామర్సు చదివే విద్యార్థిని అడిగితే పెట్టుబడి అంటాడు. బీసెంటు రోడ్డులో ముప్పై ఏళ్ళుగా కొట్టు నడుపుతున్న పెద్దమనిషిని అడిగితే మాట అంటాడు. ఇద్దరి సమాధానాలూ సరైనవే. అయితే మాటే పెట్టుబడిగా నడిచే వ్యాపారం ఒకటుంది. అదే బ్యాంకు. పరుల సొమ్ము పాము వంటిదని మన పెద్దలు ఊరికే అనలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ సొమ్ము పుచ్చుకుని, దాన్ని మరెవరికో అప్పిచ్చి, అడిగిన రోజున అడిగినవాడికి వడ్డీతో సహా అప్పజెప్పడం బ్యాంకు పని. ఈ పనిని కృష్ణా డెల్టాలో తలకెత్తుకున్నది ఏ కోటీశ్వరుడో కాదు, నాడి చూసి మందిచ్చే ఒక డాక్టరు గారు. ఆయనే భోగరాజు పట్టాభి సీతారామయ్య.

పట్టాభి గారిని మనం సాధారణంగా కాంగ్రెసు నాయకుడిగానే తలచుకుంటాం. కాంగ్రెసు చరిత్ర రాసిన పండితుడని, 1939లో త్రిపురి కాంగ్రెసు అధ్యక్ష పదవికి సుభాష్ చంద్ర బోసుతో పోటీ చేసి ఓడిపోయారని పాఠ్య పుస్తకాల్లో చదువుకున్నాం. వ్యాపార సంస్థలను కట్టిన పట్టాభి గారి గురించి మాత్రం చదివింది తక్కువ. ఈ నాలుగు మాటలూ ఆ పట్టాభి గారి గురించే.

ఆయన 1880 నవంబరు 24న ఏలూరుకు సమీపంలోని గుండుగొలనులో పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బి.ఎ. చదివి, ఆ పైన వైద్య పట్టా పుచ్చుకుని, 1906 ప్రాంతంలో బందరులో ప్రాక్టీసు పెట్టారు. ప్రాక్టీసు బాగా సాగింది. కాని అవి స్వదేశీ ఉద్యమం ఆంధ్రదేశాన్ని ఊపేస్తున్న రోజులు. 1907లో బిపిన్ చంద్ర పాల్ మన జిల్లాలకు వచ్చి ఉపన్యాసాలిచ్చారు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు గార్లతో కలిసి పట్టాభి గారు బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. ఆ తరువాత కొన్నేళ్ళకు సంపాదన తెచ్చిపెడుతున్న వైద్యాన్ని వదిలి పూర్తిగా దేశసేవలోకి దిగారు.

ఇక్కడ డెల్టా పరిస్థితి కొంచెం చెప్పుకోవాలి. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. కాలువలు తవ్వారు, వరి విస్తరించింది. కాని రైతుకు డబ్బు కళ్ళజూసే కాలం ఏడాదికి ఒక్కసారి, పంట చేతికొచ్చినప్పుడు. ఖర్చు మాత్రం ఏడాది పొడుగునా ఉంటుంది. విత్తనాలకు అప్పు, ఎడ్లకు అప్పు, పిల్ల పెళ్ళికి అప్పు. ఆ అప్పు పుట్టేది వడ్డీ వ్యాపారి దగ్గర. నాలుగు రూపాయలు మిగిలిన రైతుకు వాటిని ఎక్కడ దాచుకోవాలో తెలియదు. అందుకని బంగారం కొని భార్య మెడలో వేసేవాడు, లేదా మరో అరెకరం కొనేవాడు. ఒక ఊళ్ళో డబ్బు మూలుగుతుంటే పక్క ఊళ్ళో అప్పు పుట్టేది కాదు. ఈ రెండు ఊళ్ళనూ కలిపే వంతెన లేదు.

మరి వంతెన కట్టడానికి ఎవరూ ముందుకు రాలేదేం? భయం వల్ల. ఆ భయానికి కారణం లేకపోలేదు. 1906 అక్టోబరులో మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసింది. తెల్లదొరల కంపెనీ, పెద్ద పేరున్న కుటుంబం. అందులో దాచుకున్న వేలాది మంది డిపాజిట్లు మునిగిపోయాయి. యజమాని సర్ జార్జి అర్బత్‌నాట్ జైలుకు వెళ్ళాడు. ఆ దెబ్బలోంచే మరుసటి సంవత్సరం ఇండియన్ బ్యాంకు పుట్టింది. 1913 మొదలు కొన్నేళ్ళపాటు దేశంలో పలుచోట్ల స్వదేశీ బ్యాంకులు కూడా కూలిపోయాయి. అప్పటికి రిజర్వు బ్యాంకు లేదు. డిపాజిట్లకు బీమా అసలే లేదు, అది వచ్చింది 1962లో. బ్యాంకు మునిగితే సొమ్ము మునిగినట్టే.

ఆ రోజుల్లో బ్యాంకు పెట్టడమంటే మాటలు కాదు. పట్టాభి గారు దానికి తొందరపడలేదు. 1915లోనే కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు స్థాపనలో పాలుపంచుకున్నారు. పదిమంది రైతులు ఒకరికొకరు పూచీ ఉండి అప్పు తెచ్చుకునే సహకార పద్ధతి ఆయనకు మొదటి పాఠశాల అనుకోవచ్చు. 1921లో అఖిల భారత కాంగ్రెసు కమిటీ బెజవాడలో సమావేశమై, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచెయ్యాలని తీర్మానించింది. అడిగినవారి మీద గురి ఉంటే జనం డబ్బు తీసి ఇస్తారని ఆ నిధి దేశానికంతటికీ చూపించింది.

మరో రెండేళ్ళకు, 1923 నవంబరు 20న, బందరులో ఆంధ్రా బ్యాంకు రిజిస్టరయింది. అదే నెల 28న వ్యాపారం మొదలుపెట్టింది. అధీకృత మూలధనం 10 లక్షలు, చెల్లించిన మూలధనం ఒక లక్ష రూపాయలు. ఆ తరువాత వరసగా 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1927లో భూమి తనఖా బ్యాంకు, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీ వచ్చాయి. ఒక డాక్టరు, అదీ తెల్లదొరల ప్రభుత్వం ఎప్పుడు పట్టుకుపోతుందో తెలియని డాక్టరు, ఇన్ని సంస్థలకు జనం చేత డబ్బు కట్టించగలిగాడంటే ఎలా సాధ్యమయింది?

నాకు తోచిన సమాధానాలు మూడు ఉన్నాయి.

మొదటిది పేరు. పై సంస్థలలో ఒక్కదానికైనా పట్టాభి అనే పేరు లేదు. ఆంధ్రా అన్నారు, హిందూస్థాన్ అన్నారు. మునిగిన అర్బత్‌నాట్ కంపెనీకి కుటుంబం పేరుండేది. ఆ కుటుంబం తప్పటడుగు వేస్తే కంపెనీ కూడా దానితోనే పోయింది. తన పేరు పెట్టుకోనివాడు, ఇది మీ సొత్తు, నేను కాపలావాణ్ణి అని నోటితో చెప్పకుండానే చెప్పినట్టు. తెలుగువాళ్ళకు ప్రత్యేక రాష్ట్రం కావాలని అడుగుతున్న రోజుల్లో ఆంధ్రా అన్న మాటే సగం డిపాజిట్లు తెచ్చిందన్నా తప్పు లేదు.

రెండవది భాష. తాను పెట్టిన సంస్థలలో ఉత్తర ప్రత్యుత్తరాలు తెలుగులో సాగాలని ఆయన పట్టుబట్టేవారని చెప్పుకుంటారు. దీన్ని భాషాభిమానం అని మాత్రమే చూస్తే పొరపాటు. ఇది వ్యాపార సూత్రం కూడా. తాను సంతకం పెట్టే కాగితంలో ఏముందో తనకు తెలిస్తేనే రైతు ధైర్యంగా సంతకం పెడతాడు. అర్థంకాని కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవాడు వడ్డీ వ్యాపారి. చదివించి సంతకం పెట్టించుకునేది బ్యాంకు. ఆ తేడా తెలిసినవాడే జనం నమ్మకాన్ని సంపాదిస్తాడు.

మూడవది అన్నిటికంటే ముఖ్యం. ఆయన లేకపోయినా సంస్థ నడిచింది. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు, 1932లో మళ్ళీ వెళ్ళారు. సరిగ్గా అవే ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో పడ్డ రోజులు. ధాన్యం ధరలు పడిపోయి డెల్టా రైతు బాకీ తీర్చలేక అల్లాడిపోయాడు. 1938లో దక్షిణాదినే ట్రావెన్‌కూర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు కుప్పకూలింది. 1942 ఆగస్టులో పట్టాభి గారిని కాంగ్రెసు వర్కింగ్ కమిటీ సభ్యులతో పాటు అహమద్‌నగర్ కోటలో పెట్టారు. 1945 దాకా బయటి ప్రపంచం లేదు. అయినా బందరులో పుట్టిన బ్యాంకు మూతపడలేదు. పెద్దాయన జైల్లో ఉన్నారు కదా, మా సొమ్ము ఏమైపోతుందోనని జనం బెంబేలెత్తి ఉంటే ఏ బ్యాంకూ ఆ రోజులు దాటేది కాదు. జనం నమ్మకం మనిషి మీద మొదలై సంస్థ మీద నిలబడింది. నాయకుడికి ఇంతకంటే గొప్ప పరీక్ష ఏముంటుంది? పక్కన తాను లేకపోతే పని ఆగిపోతుందని గొప్పగా చెప్పుకునేవాళ్ళు మన చుట్టూ చాలామంది కనిపిస్తారు. అది గొప్ప కాదు, లోపం.

పట్టాభి గారిలో లోపాలు లేవని కాదు. రాష్ట్ర విభజన విషయంలో 1949 నాటి జె.వి.పి. కమిటీ నివేదిక మీద నెహ్రూ, పటేల్ గార్లతో పాటు సంతకం చేసినందుకు, మద్రాసు నగరం మీద ఆశ వదులుకోమన్నందుకు ఆంధ్రులు చాలామంది ఆయనను తప్పుపట్టారు. ఆనాటి బ్యాంకు వ్యవహారంలోనూ ఒక వెలితి ఉంది. పొలమో బంగారమో పూచీ చూపగలిగినవాడికే బ్యాంకు అప్పు అందింది. కాలువ గట్టున గుడిసె వేసుకున్న కూలీకీ, కాగితం లేని కౌలుదారుకీ వడ్డీ వ్యాపారే దిక్కయ్యాడు. వంతెన కట్టారు, కాని దాని మీద అందరూ నడవలేకపోయారు. కౌలు రైతు అప్పు సమస్య నేటికీ తీరలేదంటే, ఆయన మొదలుపెట్టిన పని ఇంకా సగంలోనే ఉందన్నమాట.

1948లో ఆయన కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. 1952 నుంచి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా ఉన్నారు. 1959 డిసెంబరు 17న కన్నుమూశారు. బతికుండగా పేరు పెట్టుకోని ఆయనకు బ్యాంకువారే ఆ లోటు తీర్చారు, హైదరాబాదులోని ప్రధాన కార్యాలయానికి పట్టాభి భవన్ అని పేరు పెట్టారు. 1980లో బ్యాంకు జాతీయమయింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమై ఆంధ్రా బ్యాంకు అన్న బోర్డు దిగిపోయింది. అంతకుముందు 2019లో ఆ వార్త తెలిసినప్పుడు, ఎక్కువమంది ఖాతాదారులకు పైసా నష్టం లేకపోయినా, మన జిల్లాల్లో నిరసనలు జరిగాయి. ఒక బ్యాంకు బోర్డు దించుతుంటే జనం సొంత ఇల్లు అమ్మినట్టు బాధపడ్డారంటే, 1923లో బందరులో పోగైన ఆ లక్ష రూపాయలకు విలువ ఎంతని కట్టగలం?

విద్యార్థి మిత్రులారా! మనలో అందరం బ్యాంకులు పెట్టబోము. కాని పరుల సొమ్ము మన చేతిలోకి రావడానికి పెద్ద వయసు రానక్కర్లేదు. హాస్టలు మెస్సు లెక్కలు, వార్షికోత్సవం చందాలు, విహారయాత్ర డబ్బులు – ఇవన్నీ పరుల సొమ్మే. ఆ లెక్క అందరికీ అర్థమయ్యే భాషలో నోటీసు బోర్డు మీద పెట్టగలిగితే, మనం ఊళ్ళో లేని రోజున కూడా ఆ పుస్తకం తెరిచి ఎవరైనా చూసుకునేలా ఉంచగలిగితే, నాయకత్వం మీద వేరే ఉపన్యాసాలు వినక్కర్లేదు.