పిల్లల తల్లి, వ్యాపారస్తురాలు: హజ్రత్ ఖదీజా (రజి)



మన గోదావరి జిల్లాలలో ఏ ముస్లిం మొహల్లాకు వెళ్ళినా ఇలాంటి ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. భర్త సంపాదన చాలదు, లేదా భర్త లేడు. పిల్లలు ఇంకా చిన్నవాళ్ళు. ఇల్లాలు కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది, లేదా వీధి గదిలో చిన్న కొట్టు నడుపుతుంది, లేదా పచ్చళ్ళు పెట్టి తెలిసినవారికి అమ్ముతుంది. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లకం, ఆత్రేయపురంలో పూతరేకుల తయారీ కూడా ఆడవాళ్ళు ఇంటిపట్టున ఉండి, పిల్లల్ని చూసుకుంటూ చేస్తూ వచ్చిన పనులే. ఇవేవీ ఆదుకోక, పసిపిల్లల్ని అమ్మమ్మకు అప్పగించి కువైట్ వెళ్ళే తల్లులు కూడా మన జిల్లాలలో ఉన్నారు.

అలాంటి తల్లికి కష్టం ఒక ఎత్తు, చుట్టాల మాటలు ఒక ఎత్తు. ఆడదానికి వ్యాపారమేమిటని ఒకరంటారు. పిల్లల్ని గాలికొదిలేసిందని మరొకరంటారు. దీన్‌లో దీనికి చోటే లేదని ఇంకొకరు తీర్పు చెప్పేస్తారు. పాపం ఆ తల్లి, తాను చేస్తున్నది తప్పేమోనని లోలోపలే కుమిలిపోతుంది.

అటువంటి సోదరి ఒక్కసారి మన తల్లి, ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ ఖదీజా (రజి) జీవితాన్ని చూడాలి. ఆమెను తొలి విశ్వాసిగా, దైవప్రవక్త (స) సతీమణిగా మనమందరం ఎరుగుదుము. చిన్నపిల్లల్ని పెంచుతూనే వ్యాపారం నడిపిన తల్లిగా మాత్రం ఆమెను తక్కువగా తలచుకుంటాము.

వంశం, పేరుప్రతిష్ఠలు

హజ్రత్ ఖదీజా (రజి) మక్కాలో ఖురైష్ తెగకు చెందిన బనూ అసద్ వంశంలో జన్మించారు. తండ్రి ఖువైలిద్ బిన్ అసద్, తల్లి ఫాతిమా బిన్తె జాయిదా. ఆడపిల్ల పుడితే అవమానంగా భావించే మనుషులున్న ఆ అజ్ఞాన కాలంలోనే ఆమె తన శీలం వల్ల తాహిరా, అంటే పరిశుద్ధురాలు అని పేరు పొందారు. ఇస్లాం రాకముందే లోకులు ఆమెకు ఆ బిరుదు ఇచ్చారు. తరువాత ఆమె వ్యాపారానికి అసలైన పెట్టుబడి ఈ మంచి పేరే అని చెప్పవచ్చు.

ఒంటరి తల్లి

దైవప్రవక్త (స)తో వివాహానికి ముందు ఆమెకు రెండు వివాహాలు జరిగాయి. ఒక భర్త బనూ తమీమ్‌కు చెందిన అబూ హాలా, మరొకరు బనూ మఖ్జూమ్‌కు చెందిన అతీఖ్. వీరిలో ఎవరు ముందు, ఎవరు తరువాత అనే విషయంలో చరిత్రకారుల మధ్య భేదాభిప్రాయం ఉంది. అబూ హాలా ద్వారా హింద్, హాలా అనే కుమారులు, అతీఖ్ ద్వారా హింద్ అనే కుమార్తె కలిగారు. హింద్ అనే పేరు అరబ్బులలో మగపిల్లలకూ ఆడపిల్లలకూ ఉండేది.

ఆ రెండు వివాహాల తరువాత ఆమె ఒంటరిగా మిగిలారు. కుమారుడు హింద్ ఆ తరువాత దైవప్రవక్త (స) ఇంట్లోనే పెరిగాడంటే, తల్లి ఒంటరిగా ఉన్న ఆ రోజులలో అతను ఇంకా చిన్నవాడేనని అర్థమవుతుంది. పెద్ద పెద్ద నాయకులు వివాహానికి కబురు పంపినా ఆమె అంగీకరించలేదు. చేతిలో ఆస్తి ఉంది, ఇంట్లో పిల్లలున్నారు. ఆస్తిని కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయి. కనుక ఆమె దానిని వ్యాపారంలో పెట్టారు.

ఇల్లు కదలకుండా వ్యాపారం

మక్కా సేద్యం లేని రాతి లోయ. అక్కడివారి బ్రతుకు వ్యాపారం మీదనే ఆధారపడి ఉండేది. చలికాలంలో యెమన్‌కు, వేసవిలో సిరియాకు వారి బిడారాలు వెళ్ళేవి. దివ్య ఖుర్ఆన్‌లోని 106వ సూరా ఖురైష్‌లో ఈ రెండు ప్రయాణాల ప్రస్తావన ఉంది. మక్కా నుంచి సిరియాలోని బుస్రా నగరం వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దూరం. ఒంటెల మీద పోయి రావాలంటే నెలలు పడుతుంది. దారిలో ఎండ, దాహం, దోపిడీ భయం.

పసిపిల్లల తల్లి ఆ ప్రయాణం ఎలా చేయగలదు? హజ్రత్ ఖదీజా (రజి) చేయలేదు. పెట్టుబడి తనది, ప్రయాణం, శ్రమ మరొకరివి. ఆమె కొందరిని జీతం మీద, కొందరిని లాభంలో వాటా మీద పంపేవారు. ఒకరు సొమ్ము పెట్టి మరొకరు శ్రమపడి, వచ్చిన లాభాన్ని ముందే ఒప్పుకున్న ప్రకారం పంచుకునే ఈ పద్ధతిని ముజారబత్ అంటారు. ఇందులో నష్టం వస్తే సొమ్ము పెట్టినవారి సొమ్ము పోతుంది, శ్రమపడినవారి శ్రమ పోతుంది. అప్పిచ్చి, ఎదుటివాడు మునిగినా తేలినా వడ్డీ పిండుకునే పద్ధతి కాదిది. ఇస్లాం వచ్చిన తరువాత వడ్డీని నిషేధించింది, ముజారబత్‌ను మాత్రం ధర్మసమ్మతంగానే ఉంచింది.

ఖురైష్ బిడారం బయలుదేరినప్పుడు ఆమె ఒక్కరి సరుకే మిగతా వారందరి సరుకుకు సమానంగా ఉండేదని చరిత్రకారుడు ఇబ్నె సఅద్ వ్రాశారు. అంత పెద్ద వ్యాపారం చేసిన తల్లి ఉన్నది మక్కాలో, తన ఇంట్లో, తన పిల్లల దగ్గర. తాను స్వయంగా చేయవలసినదేదో, ఇతరులకు అప్పగించదగినదేదో ఆమెకు బాగా తెలుసు. పిల్లల పెంపకం తన దగ్గర పెట్టుకున్నారు, ప్రయాణాన్ని ఇతరులకు అప్పగించారు.

నమ్మకస్తుని ఎంపిక

పని ఇతరులకు అప్పగించినప్పుడు ఒక భయం ఉంటుంది. వెళ్ళినవాడు లెక్క సరిగా చెబుతాడా? కళ్ళెదుట లేని సొమ్ముకు కాపలా ఎవరు? క్రీ.శ. 595 ప్రాంతంలో 25 ఏళ్ళ ముహమ్మద్ (స) గారి సత్యసంధత గురించి ఆమె విన్నారు. మక్కా ప్రజలు ఆయన్ను అమీన్, అంటే నమ్మకస్తుడు అని పిలిచేవారు. ఆమె స్వయంగా కబురు పంపి, ఇతరులకు ఇచ్చే దానికి రెట్టింపు ఇస్తానని చెప్పి తన సరుకుతో సిరియాకు పంపారు. తోడుగా తన సేవకుడు మైసరాను కూడా పంపారు.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. తక్కువకు దొరికే మనిషి కోసం ఆమె వెతకలేదు, నమ్మదగిన మనిషి కోసం వెతికి ఎక్కువే ఇచ్చారు. అలాగని కళ్ళు మూసుకుని కూర్చోలేదు. మైసరా తిరిగివచ్చి ప్రయాణంలో తాను చూసినదంతా చెప్పాడు. ఆ సారి లాభం దాదాపు రెట్టింపు వచ్చింది. లాభం కన్నా మైసరా చెప్పిన ఆ యువకుని నడవడికే ఆమె మనసును ఎక్కువగా ఆకట్టుకుంది.

తన స్నేహితురాలు నఫీసా ద్వారా ఆమే వివాహ ప్రస్తావన పంపారు. ఆమె తండ్రి అప్పటికి లేరని, పినతండ్రి అమ్ర్ బిన్ అసద్ వివాహం జరిపించారని చరిత్రకారులు వ్రాశారు. మహర్‌గా 20 ఒంటెలు ఇచ్చినట్లు ఒక ఉల్లేఖనం ఉంది. ప్రసిద్ధమైన ఉల్లేఖనం ప్రకారం అప్పటికి ఆమె వయస్సు 40 సంవత్సరాలు. 28 అని చెప్పిన ఉల్లేఖనం కూడా ఉంది.

ఇంటి నిండా పిల్లలు

ఈ వివాహం ద్వారా అల్లాహ్ ఆమెకు ఖాసిమ్, జైనబ్, రుఖయ్యా, ఉమ్మె కుల్సూమ్, ఫాతిమా, అబ్దుల్లాహ్‌లను ప్రసాదించాడు. వీరు కాక మొదటి వివాహాల పిల్లలు ఉన్నారు. ఆమె మేనల్లుడు హకీమ్ బిన్ హిజామ్ కొని తెచ్చిన జైద్ అనే బాలుణ్ణి ఆమె దైవప్రవక్త (స)కు ఇవ్వగా, ఆయన అతనికి స్వేచ్ఛ ప్రసాదించి కొడుకులా పెంచారు. మక్కాలో కరువు వచ్చినప్పుడు అబూ తాలిబ్ భారం తగ్గించడానికి చిన్నవాడైన అలీ (రజి)ని కూడా దైవప్రవక్త (స) తమ ఇంటికి తెచ్చుకున్నారు. ఇంతమంది పిల్లలున్న ఇంట్లో సందడి ఎలా ఉంటుందో తల్లులకు వేరే చెప్పనవసరం లేదు.

ఆమె ఇదంతా ఒంటిచేత్తో చేశారని అనుకోకూడదు. కాన్పులకు సల్మా అనే మంత్రసాని వచ్చేది. బిడ్డ పుట్టకముందే పాలిచ్చే దాదిని కుదిర్చి పెట్టుకునేవారు. సహాయం తీసుకోవడాన్ని ఆమె చిన్నతనంగా భావించలేదు. అన్నీ నేనే చేయాలి, లేకపోతే నేను మంచి తల్లిని కాను అని నలిగిపోయే నేటి సోదరీమణులు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

ఆ ఇంట్లో దుఃఖం కూడా ఉంది. ఖాసిమ్, అబ్దుల్లాహ్ ఇద్దరూ చిన్నతనంలోనే మరణించారు. ఎంత సంపద ఉన్నా బిడ్డ ప్రాణం కొనలేమని ఆ తల్లికి రెండుసార్లు అనుభవమైంది. ఆమె సహనం వహించారు.

సంపద దేనికోసం?

క్రీ.శ. 610లో హిరా గుహలో మొదటి వహీ అవతరించింది. దైవప్రవక్త (స) వణుకుతూ ఇంటికి వచ్చినప్పుడు ఆమె దుప్పటి కప్పి ధైర్యం చెప్పారు. బంధుత్వాలను నిలబెట్టే, బలహీనుల బరువు మోసే, అతిథులను ఆదరించే మనిషిని అల్లాహ్ ఎన్నడూ అవమానం పాలు చేయడని నచ్చజెప్పారు. సిరియాకు పంపేటప్పుడు చేసినట్లే, ఇక్కడ కూడా ఆమె మనిషి నడవడిని చూసే తీర్పు చెప్పారు. ఆ పైన తన బంధువు వరఖా బిన్ నౌఫల్ దగ్గరకు తీసుకువెళ్ళారు. ఆమెయే తొలి విశ్వాసి అయ్యారు.

అప్పటినుంచి ఆమె సంపద సత్యమార్గంలో ఖర్చయింది. ఖురైష్ నాయకులు బనూ హాషిమ్‌ను వెలివేసి, సుమారు 3 సంవత్సరాలు అబూ తాలిబ్ కనుమలో నిర్బంధించారు. వారితో కొనుగోలు, అమ్మకం, పెళ్ళి సంబంధం అన్నీ నిషేధం. ఒకనాడు ఖురైష్ బిడారంలో సగం సరుకు పంపిన ఆ తల్లి ఇప్పుడు ఆకలితో ఏడుస్తున్న పిల్లల మధ్య ఉన్నారు. మేనల్లుడు హకీమ్ బిన్ హిజామ్ ఆమె కోసం గోధుమలు తీసుకువెళ్తుంటే అబూ జహల్ అడ్డుపడ్డాడు. అబుల్ బఖ్తరీ అనే వ్యక్తి హకీమ్ పక్షం వహించి అబూ జహల్‌ను కొట్టాడు.

వెలివేత ముగిసిన కొద్దికాలానికే, క్రీ.శ. 619లో, హిజ్రత్‌కు సుమారు 3 సంవత్సరాల ముందు, ఆమె ఈ లోకం విడిచిపోయారు. మక్కాలోని హజూన్ ప్రాంతంలో ఆమెను ఖననం చేశారు. దైవప్రవక్త (స) స్వయంగా సమాధిలోకి దిగారు. దాదాపు 25 ఏళ్ళ కాపురంలో ఆయన మరో వివాహం చేసుకోలేదు.

ఒక హారం

క్రీ.శ. 624లో బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీలలో ఆమె పెద్ద అల్లుడు అబుల్ ఆస్ కూడా ఉన్నారు. అప్పటికి ఆయన ఇస్లాం స్వీకరించలేదు. భర్తను విడిపించుకోవడానికి కుమార్తె జైనబ్ (రజి) మక్కా నుంచి ఒక హారం పంపారు. తన పెళ్ళికి తల్లి ఖదీజా (రజి) పెట్టిన హారం అది. దానిని చూడగానే దైవప్రవక్త (స) హృదయం కరిగిపోయింది. సహాబాలను అడిగి, వారి అంగీకారంతో ఖైదీని విడుదల చేసి, హారాన్ని కూడా తిరిగి పంపించారు. ఆ తల్లి పెట్టిన ఆ నగ ఆ రోజున కూతురి కాపురానికి అక్కరకు వచ్చింది.

మనకు పాఠం

సోదరీమణులారా! మీ ఇంటి వ్యాపారం హజ్రత్ ఖదీజా (రజి) బిడారమంత పెద్దది కాకపోవచ్చు. ఒక మిషన్, ఒక పొయ్యి, నాలుగు అరల కొట్టు కావచ్చు. కాని పద్ధతి ఒక్కటే. సొమ్ము హలాల్‌గా ఉండాలి. లెక్క శుభ్రంగా ఉండాలి. వారం వారం గుమ్మం ముందుకు వచ్చి నిలబడే వడ్డీ అప్పు కన్నా, నమ్మకమైన బంధువుతో లాభనష్టాల వాటా మేలు. ఏ పని వదిలితే పిల్లలు నష్టపోతారో దానిని మీ దగ్గర పెట్టుకోండి, మిగిలినదానికి సహాయం అడగండి.

సోదరులారా! భార్యాబిడ్డల పోషణ షరీఅత్ భర్త మీద పెట్టిన బాధ్యత. భార్య సంపాదన ఆమె సొంతం. ఆమె దానిని ఇంటికి ఖర్చు పెడితే అది ఆమె చేసే సద్కా. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) భార్య జైనబ్ (రజి) తన సొమ్ము భర్తకు, తన పోషణలోని అనాథలకు ఖర్చు పెట్టడం గురించి అడిగించినప్పుడు, దానికి రెండు పుణ్యాలున్నాయని దైవప్రవక్త (స) తెలిపారు. ఒకటి బంధుత్వానికి, రెండవది దానానికి. అటువంటి స్త్రీని దెప్పడం కాదు, ఆమె కొట్టు కాసేపు చూసుకోవడం, పిల్లవాణ్ణి కాసేపు ఎత్తుకోవడం మన కర్తవ్యం.

హజ్రత్ ఖదీజా (రజి)కి స్వర్గంలో ముత్యపు గృహం ఉందని, అందులో గోల గాని అలసట గాని ఉండవని జిబ్రయీల్ (అలై) ద్వారా శుభవార్త అందింది. ఇంటి నిండా పిల్లలు, చేతి నిండా పని ఉన్న తల్లికి ఇంతకన్నా తగిన బహుమానం ఏముంటుంది?

పిల్లల కోసం హలాల్‌గా కష్టపడే ప్రతి తల్లికీ అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక! ఆమెకు అండగా నిలిచే బుద్ధిని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.