కుర్చీలు ఇచ్చిన గవర్నరు – హారిసన్

పరాయి దేశాన్ని ఏలడానికి వెళ్ళిన దొరల గురించి సోషల్ పాఠంలో చదివాం. అలా వెళ్ళి, అక్కడోళ్ళకే ఉద్యోగాలు ఇచ్చిన ఒకాయన గురించి రాస్తున్నాను.

ఫ్రాన్సిస్ బర్టన్ హారిసన్ 1873 డిసెంబరు 18న అమెరికాలోని న్యూయార్క్‌లో జన్మించాడు. తండ్రి లాయరు. తల్లి నవలలు రాసేది. ఆయన లా చదివి, డెమోక్రటిక్ పార్టీ తరపున కాంగ్రెసుకు, అంటే మన పార్లమెంటు లాంటి సభకు ఎన్నికయ్యాడు.

ఫిలిప్పీన్స్ అనేది 7 వేలకు పైగా దీవులున్న దేశం. 300 ఏళ్ళకు పైగా స్పెయిన్ వాళ్ళు ఏలారు. 1898లో యుద్ధంలో ఓడిపోయి దాన్ని అమెరికాకు ఇచ్చేశారు. అక్కడి జనాన్ని ఎవరూ అడగలేదు. వాళ్ళు స్వాతంత్ర్యం కోసం పోరాడితే అమెరికా సైన్యం అణిచేసింది.

1913లో ప్రెసిడెంటు విల్సన్ హారిసన్‌ని అక్కడికి గవర్నర్ జనరల్‌గా పంపించాడు. అప్పుడు ఆఫీసుల్లో 2,600 మంది దాకా అమెరికా వాళ్ళు ఉండేవారు. ఆయన వాళ్ళను తగ్గించి ఫిలిప్పీన్స్ వాళ్ళను పెట్టాడు. 1921లో ఆయన దిగిపోయేసరికి అమెరికా వాళ్ళు 600 మంది చిల్లరే మిగిలారు. చాలామంది దొరలకు కోపం వచ్చింది. ఆయన కాలంలో పెట్టిన నేషనల్ బ్యాంకు బాగా నష్టపోయింది, దానికీ నిందపడ్డాడు.

1916లో అమెరికా జోన్స్ చట్టం చేసింది. ఫిలిప్పీన్స్ వాళ్ళు రెండు సభలకూ తమ మనుషుల్ని ఎన్నుకోవచ్చు. కానీ చదువో ఆస్తో ఉన్న మగవాళ్ళకే ఓటు. కొండల్లో ఉండే ఇగోరోట్లకి, దక్షిణాన ఉండే మోరో ముస్లింలకి ఆ ఎన్నిక కూడా లేదు. వాళ్ళ తరపున 2 సెనేటర్లను, 9 మంది సభ్యులను గవర్నరే నియమించాలి. హారిసన్ సులు దీవులకు చెందిన హాజీ బుటు అనే మోరో పెద్దను సెనేటరుగా పెట్టాడు. అది మంచిదే. ఐనా నేను కొండపిల్లని కాబట్టి ఇక్కడ ఆగి ఆలోచించాను. మైదానం వాళ్ళు ఎన్నుకోగలిగితే కొండవాళ్ళు ఎందుకు ఎన్నుకోలేరు?

1936లో ఫిలిప్పీన్స్ వాళ్ళు చట్టం చేసి హారిసన్‌కి తమ పౌరసత్వం ఇచ్చారు. 1946లో ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. 1957లో ఆయన అమెరికాలో చనిపోతే మనీలాకు తీసుకెళ్ళి పాతిపెట్టారు. ఏలడానికి వచ్చినోడిని తమ మట్టిలో పెట్టుకున్నారంటే ఎంత ప్రేమో చూడండి.

దీన్నిబట్టి నాకు తెలిసింది ఏమిటంటే, మంచి దొర కూడా మన పేరున ఇంకొకరిని కూర్చోబెట్టగలడు గానీ, మన ఓటు మనమే వెయ్యాలి. మనకి 18 ఏళ్ళు నిండగానే లిస్టులో పేరు రాయించుకుందాం.

– 9వ తరగతి విద్యార్థిని