దోర్నకల్ కాపరి – బిషప్ అజరయ్య గారి జీవితము

ధ్యాన భాగములు: తీతుకు 1:5; యోహాను 17:20–23



అపొస్తలుడైన పౌలు క్రేతు అను గ్రీకు ద్వీపములో తీతును విడిచిపెట్టి వెళ్లెను. అక్కడ లోపముగా ఉన్నవాటిని దిద్ది, పట్టణ పట్టణమున పెద్దలను నియమించుమని అతనికి అప్పగించెను. ఆ నాటినుండి సంఘాధ్యక్షుని పని అదియే. నేటికిని ఆ సముద్రములోని నక్సోస్, తీనోస్ దీవులలో ఒక చిన్న రోమన్ కత్తోలిక మంద అనేక శతాబ్దములుగా తన అధ్యక్షుని క్రింద నిలిచియున్నది. మన రాయలసీమలో సముద్రము లేదు. అయినను ఎండిన చేల నడుమ ఇక్కడ పది ఇండ్లు, అక్కడ పదిహేను ఇండ్లుగా ఉన్న మన సంఘములును దీవులవంటివే. ఇట్టి దీవులను ఒక్క మందగా చేయుటకు ప్రయాసపడిన కాపరిని ఈ నెల తలంచుకొందము.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగష్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై అను పల్లెలో జన్మించెను. తండ్రి థామస్ వేదనాయకం గారు హిందూ కుటుంబమునుండి క్రీస్తును నమ్మి, ఆ గ్రామ సంఘమునకు పాదిరిగా ఉండెను. 1889లో తండ్రి మరణించగా తల్లి ఎలెన్ గారే భక్తితో, క్రమశిక్షణతో బిడ్డను పెంచెను. పిదప ఆయన మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివెను గాని పట్టము చేతికి రాలేదు. 1895 మొదలుకొని వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణదేశమంతట తిరిగి యౌవనస్థుల మధ్య పనిచేసెను. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడెను. కట్నము పుచ్చుకొనలేదు. మన ఇండ్లలో పెండ్లి మాటలు జరుగునప్పుడు ఈ సంగతి జ్ఞాపకము చేసికొనుట మంచిది.

1902లో ఆయన సింహళ ద్వీపములోని జాఫ్నాకు వెళ్లెను. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో ఇతర చోట్లకు సువార్తికులను పంపుచుండుట చూచి ఆయన మనస్సు కలత చెందెను. తిరునెల్వేలి సంఘము పెద్దది, పాతది; అయినను అది ఇతరులకు ఏమి చేసెను? ఆ కలతనుండియే 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీ పుట్టెను. 1905 డిసెంబరు 25న సేరంపూరులో నేషనల్ మిషనెరీ సొసైటీ స్థాపించుటలోను ఆయన ముఖ్యుడై యుండెను.

తిరునెల్వేలి సొసైటీవారు ఎన్నుకొనిన పొలము మన తెలుగుదేశమే. నైజాము రాజ్యములోని దోర్నకల్ ప్రాంతమునకు పనివారిని పంపిరి. ఇతరులను పంపినవాడు తాను వెనుక నిలువలేదు. 1909లో గురుపట్టము పొంది, భార్యాబిడ్డలతో దోర్నకల్ చేరెను. ముప్పది అయిదేండ్ల వయస్సులో తెలుగు నేర్చుకొని, ఎద్దుబండిమీద పల్లె పల్లెకు తిరిగి, చెట్ల క్రింద కూర్చుండి బోధించెను.

1910లో స్కాట్లాండులోని ఎడింబరో పట్టణమున ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగెను. అక్కడ అజరయ్య గారు దొరల ఎదుట నిలిచి, వారి త్యాగమును మెచ్చుకొనుచునే, వారిలో లోపించిన దానిని చెప్పెను. వారు ధనము ఇచ్చిరి, ప్రాణములను సహితము ఇచ్చిరి. అయితే ఈ దేశపు పనివారిని తమతో సమానులైన స్నేహితులుగా ఎంచలేదు. ఆ స్నేహమునే ఆయన అడిగెను. కొందరు నొచ్చుకొనిరి. మేలుచేసినవారికి సత్యము చెప్పుట ఎంత కష్టమో పల్లెలో పనిచేయు మనమందరము ఎరుగుదుము.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రలులో ఆయన దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందెను. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్పగుట అదే మొదలు. తరువాతి సంవత్సరములలో ఆ అధ్యక్షఖండము విస్తరించెను. కృష్ణా మండలపు సంఘములతోపాటు ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల చుట్టునున్న ఎస్.పి.జి. మిషను సంఘములును ఆయన కాపుదలలోనికి వచ్చెను. ఆ విధముగా మన కర్నూలు, కడప సీమలవారును ఆయన మందలోనివారైరి.

ఆయన కాలములో మాలలు, మాదిగలు వేలకొలది క్రీస్తు నొద్దకు వచ్చిరి. వారి బ్రదుకులు మారుట చూచి ఇతర కులములవారును కొందరు వచ్చిరి. బాప్తిస్మము పొందినవారు తమ చేయి తమ తలమీదనే ఉంచుకొని, సువార్త ప్రకటింపకపోయిన తమకు శ్రమ అని ఒప్పుకొనునట్లు ఆయన నేర్పెను. పేదవారు గనుక వారు ఇయ్యలేరని తలంచలేదు. స్త్రీలు వంట చేయునప్పుడెల్ల పిడికెడు బియ్యము ప్రభువుకొరకు తీసి ఉంచిరి. బీదలు సహితము ఇచ్చుటలో ఘనత పొందుదురని ఆయన నమ్మెను.

దోర్నకల్‌లో ఆయన కట్టించిన దేవాలయము అనేక సంవత్సరముల ప్రయాసముతో పూర్తియై, 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. హిందూ, మహమ్మదీయ కట్టడముల రీతులు అందులో కలిసియున్నవి. ప్రభువు ఈ దేశమునకు పరదేశి కాడని ఆ రాళ్లే సాక్ష్యమిచ్చుచున్నవి.

అయితే ఆయన హృదయములోని గొప్ప భారము సంఘైక్యత. 1919 మే నెలలో తరంగంబాడిలో వేర్వేరు మిషనుల పాదిరులు కూడి, ఒక్క సంఘముగా చేరవలెనని ప్రకటన చేసిరి. అందులో అజరయ్య గారు ముందు నిలిచెను. పని తేలిక కాలేదు. బిషప్పులు లేని సంఘములవారు బిషప్పుల అధికారమునకు జంకిరి. ఆంగ్లికనులలో కొందరు, బిషప్పు చేతులుంచని పాదిరిచేత ప్రభుభోజనము పుచ్చుకొనుట ఎట్లని వాదించిరి. చివరకు, ఉన్న పాదిరులందరిని అంగీకరించుటకును, ఇకమీదట పట్టము బిషప్పులచేతనే ఇచ్చుటకును, ఏ సంఘముమీదను దాని మనస్సాక్షికి విరోధముగా పాదిరిని మోపకుండుటకును ఒప్పుకొనిరి. ఇందుకు ఇరువది ఎనిమిది సంవత్సరములు పట్టెను. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. అజరయ్య గారు ఆ దినము చూడలేదు. 1945 జనవరి 1న దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించెను. మోషేవలె దూరమునుండి చూచి వెళ్లెను.

ఇప్పుడు మనకు సిగ్గు కలిగించు సంగతి చెప్పవలెను. జమ్మలమడుగు, కడప ప్రాంతములలో లండను మిషను సంఘములవారు 1947లో ఐక్యతలో చేరిరి. నంద్యాల ప్రాంతమున, అజరయ్య గారే కాపరిగా నడిపించిన సంఘములలో అనేకులు చేరలేదు. పితరుల ఆరాధన క్రమము, పాత సంబంధము పోవునని భయపడి వేరుగా నిలిచిరి. వారి భయమును నేను తృణీకరింపను. తమకు సువార్త తెచ్చినవారిని మరువజాలని విశ్వాసము అందులో ఉండెను. అయినను ఒకే వేదము చదువుచు, ఒకే ప్రభువును వేడుకొనుచు, ఇరుగుపొరుగు పల్లెలవారు వేరు వేరు సంఘములుగా బ్రదికిరి. 1975లో గాని నంద్యాల దక్షిణ ఇండియా సంఘములో చేరలేదు.

సహోదరులారా, కాగితముమీద గోడ పడిపోయిన తరువాతను చాపమీద గోడ నిలిచియుండవచ్చును. మాల, మాదిగ భేదము ప్రభువు బల్లయొద్ద ఉండకూడదని అజరయ్య గారు జీవితమంతయు పోరాడెను, పూర్తిగా జయింపలేదు. నేనెరిగిన ఒక పల్లెలో బాటకు ఈ ప్రక్క ఒక గుడి, ఆ ప్రక్క ఒక గుడి కలవు. ఉపదేశములో భేదము లేదు, పాటలలో భేదము లేదు. పేటలు వేరు, అంతే. నేను అక్కడ క్రొత్తగా పరిచర్య చేసినప్పుడు, ఇరువురిని కలిపిన కానుకలు తగ్గునని, పెద్దలు అలుగుదురని భయపడి రెండు ఆరాధనలు వేరుగానే జరిపించితిని. ఆ తప్పు నాదే. తరువాత ఒక క్రిస్మసు రాత్రి వాన కురిసి, ఒక గుడి కప్పు కారగా, ఆ పేటవారు పిల్లలతో బాట దాటి రెండవ గుడిలోనికి వచ్చిరి. ఎవరును వారిని బయటకు పొమ్మనలేదు. జనులు ఇరుక్కొని కూర్చుండిరి. నేను జరిపింపవలసిన పనిని వాన జరిపించెను.

తీతు చేసిన పని, అజరయ్య గారు చేసిన పని ఇంకను ముగియలేదు. ఆయన సమాధి దోర్నకల్‌లో ఉన్నది. ఆయన భారము మన భుజములమీద ఉన్నది. వచ్చు ప్రభుభోజనపు ఆదివారమున మీ ప్రక్కన ఎవరు కూర్చుండెదరో చూడుడి. ఎప్పుడును మీ ప్రక్కన కూర్చుండని వారిని పిలిచి చోటిండి. ఏకమై యుండవలెనని తన్ను నమ్మువారికొరకు తండ్రిని వేడుకొనిన ప్రభువు మన పల్లెలలో ఆ ప్రార్థనను నెరవేర్చును గాక. ఆమేన్.