తోకచుక్కకు తన పేరు తెచ్చిపెట్టిన హైదరాబాదీ.. ఎవరీ వైను బప్పు?

జహీరాబాద్: టెలిస్కోప్‌కి డిజిటల్ కెమెరా బిగించి చంద్రుణ్నో, శని వలయాలనో ఫొటో తీయాలని ఉందా? అయితే ఈ పేరు గుర్తుపెట్టుకోండి. మన జహీరాబాద్‌కి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌లో పెరిగి, ఇలాంటి ఒక్క ఫొటోతో ప్రపంచానికి తెలిసిపోయారాయన. ఆయనే మణాలి కల్లాట్ వైను బప్పు.

1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టారు. తండ్రిది హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో ఉద్యోగం. నవాబ్ జాఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన ఈ అబ్జర్వేటరీ తర్వాత బేగంపేటకు మారింది. ఆకాశం మొత్తాన్నీ ఫొటోలు తీసే అంతర్జాతీయ ప్రాజెక్టులో దీనికీ వాటా దక్కింది. 8 అంగుళాల ఫొటో టెలిస్కోప్‌తో గాజు పలకల మీద లక్షల నక్షత్రాలను నమోదు చేశారు. బప్పు బాల్యం ఆ వాతావరణంలోనే గడిచింది.

ఆ ఫొటో ఎలా తీస్తారు?

పద్ధతి అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే. ఇక్కడ టెలిస్కోపే లెన్సు. ఇప్పుడైతే డీఎస్ఎల్ఆర్ కెమెరా లెన్సు తీసేసి, టీ-రింగ్ అనే బిగింపుతో, కంటితో చూసే ఐపీస్ ఉండే చోట కెమెరా తగిలిస్తే చాలు. అసలు చిక్కు వేరే ఉంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కదా! టెలిస్కోప్ కూడా ఆకాశంతో పాటే కదలకపోతే నక్షత్రం చుక్కలా కాదు, గీతలా పడుతుంది. ఇప్పుడు మోటారు స్టాండ్లు వచ్చాయి. ఫొటో ఎలా వచ్చిందో వెంటనే తెరమీద చూసుకోవచ్చు. అప్పట్లో పలకను డార్క్‌రూమ్‌లో కడిగేదాకా ఏం పడిందో తెలిసేది కాదు. ఒక్క జాగ్రత్త: సరైన ఫిల్టర్ లేకుండా సూర్యుడి వైపు మాత్రం తిప్పొద్దు.

ఒక్క పలక.. ఒక కొత్త చుక్క

నిజాం కాలేజీలో చదువుకున్న బప్పు, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో 1949లో అమెరికాలోని హార్వర్డ్‌కి వెళ్లారు. అదే ఏడాది జులైలో తాను తీసిన పలకను పరిశీలిస్తుంటే అక్కడ ఉండకూడని మసక చుక్క ఒకటి కనిపించింది. అది కొత్త తోకచుక్క! ప్రొఫెసర్ బోక్, సహవిద్యార్థి న్యూకర్క్‌లతో కలిసి నిర్ధారించారు. అలా దానికి బప్పు-బోక్-న్యూకర్క్ అని పేరొచ్చింది. అప్పటికి ఆయన వయసు 21 ఏళ్లే.

1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి మరో ఘనత సాధించారు. నక్షత్ర కాంతిలోని కాల్షియం గీతల వెడల్పును బట్టి దాని అసలు వెలుగు, దాన్నుంచి దూరం లెక్కగట్టొచ్చని చూపించారు. దీన్నే విల్సన్-బప్పు ఎఫెక్ట్ అంటారు.

తిరిగొచ్చి ఏం చేశారు?

అమెరికాలోనే ఉండిపోతే పెద్ద టెలిస్కోపులు అందుబాటులో ఉండేవి. అయినా 1953లో తిరిగొచ్చేశారు. నైనిటాల్‌లో అబ్జర్వేటరీని నిలబెట్టారు. 1960లో కొడైకెనాల్ అబ్జర్వేటరీ బాధ్యతలు తీసుకున్నారు. తమిళనాడు జవ్వాది కొండల్లోని కావలూరులో కొత్త కేంద్రం కట్టించారు. 1977లో యురేనస్ వలయాలను గుర్తించిన చోట్లలో కావలూరూ ఒకటి. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యారు.

ఆయన పెద్ద కల మాత్రం వేరు. 2.34 మీటర్ల అద్దంతో, మన దేశంలోనే తయారయ్యే టెలిస్కోప్. పనులు సాగుతుండగానే, 1982 ఆగస్టు 19న జర్మనీలోని మ్యూనిక్‌లో కన్నుమూశారు. వయసు 55. ఆ టెలిస్కోప్‌తో ఒక్క ఫొటో కూడా చూసుకోలేకపోయారు. 1986 జనవరిలో నాటి ప్రధాని రాజీవ్ గాంధీ దాన్ని ప్రారంభించి, బప్పు పేరే పెట్టారు.

ఆ తోకచుక్క మళ్లీ రావాలంటే దాదాపు 60 వేల ఏళ్లు పడుతుందని లెక్క. మీ కెమెరాలో అది పడదు. కానీ ఈ రాత్రి తీసే ఫొటోని స్టేటస్‌లో పెట్టేముందు, బప్పులాగే ఒక్కో చుక్కనూ ఓసారి స్టార్ మ్యాప్‌తో పోల్చి చూడండి.