నదులను కొలిచిన ఇంజనీరు డాక్టర్ కె.ఎల్.రావు

అండమాన్‌లోని హాడోతో సహా శ్రీవిజయపురం నగరానికి, అంటే పాత పోర్ట్ బ్లెయిర్‌కు, తాగునీటి ప్రధాన ఆధారం ధనికారి జలాశయం. వానలు వెనుకబడిన ఏట అక్కడ కుళాయి నీరు రోజు విడిచి రోజు, ఒక్కొక్కప్పుడు అంతకన్నా ఎడంగా వస్తుంది. హాడోలోని తెలుగు కుటుంబాలకు సుపరిచితమైన ఈ ఎదురుచూపు హైదరాబాద్ వాసులకూ కొత్త కాదు. వారి చూపు నాగార్జునసాగర్ నీటిమట్టం మీద ఉంటుంది. ఆ సాగర్ రూపకల్పనలో ప్రముఖ పాత్ర వహించిన ఇంజనీరు కానూరి లక్ష్మణరావు.

ఆయన 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. పాఠశాలలో ఆటలాడుతుండగా తగిలిన గాయం ఒక కంటి చూపును హరించింది. అయినా చదువు ఆగలేదు. మద్రాసులో ఇంజనీరింగ్ పూర్తిచేసి, రంగూన్‌లో అధ్యాపకునిగా పనిచేసి, 1939లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. స్వదేశానికి తిరిగివచ్చాక మద్రాసు ప్రభుత్వంలో గోదావరిపై తలపెట్టిన రామపాదసాగర్ ప్రాజెక్టుకు, అనంతరం కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో డిజైన్ల విభాగానికి సేవలందించారు.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. వేలాది కూలీల చేతుల మీదుగా రాతి కట్టడంగా లేచిన ఆ ఆనకట్ట నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడుదలైంది. అప్పటికి లక్ష్మణరావు కేంద్ర నీటిపారుదల, విద్యుత్ శాఖ మంత్రి. విజయవాడ ప్రజలు 1962, 1967, 1971 ఎన్నికలలో ఆయనను లోక్‌సభకు పంపారు. 1963లో పద్మభూషణ్ పురస్కారం వరించింది.

మిగులు నీటిని కరువు సీమలకు మళ్లించాలన్నది ఆయన జీవితకాలపు ఆశయం. 1972లో గంగ, కావేరీ నదుల అనుసంధానాన్ని ప్రతిపాదించారు. సుమారు 2,640 కిలోమీటర్ల పొడవైన ఆ మార్గంలో నీటిని దాదాపు 550 మీటర్ల ఎత్తుకు పంపులతో తోడవలసి ఉంది. అందుకు వేల మెగావాట్ల విద్యుత్తు కావాలి. వ్యయాన్ని తక్కువగా అంచనా వేశారని నిపుణులు తేల్చడంతో ప్రణాళిక కార్యరూపం దాల్చలేదు. నీటిని ఎత్తడం ఎంత ఖరీదైన పనో ఆ ప్రతిపాదన దేశానికి తెలిపింది.

ఆయన 1986 మే 18న కన్నుమూశారు. ప్రధానంగా పొలాల కోసం కట్టిన సాగర్ ఆ తరువాత మహానగరానికీ దాహం తీర్చే వనరు అయింది. 2004లో కృష్ణా జలాలు తొలి దశ కింద హైదరాబాద్ చేరాయి. జలాశయం పూర్తి నీటిమట్టం 590 అడుగులు. అది 510 అడుగుల దిగువకు జారితే పుట్టంగండి వద్ద ప్రధాన పంపులకు నీరు సరిగా అందదు. అప్పుడు అత్యవసర పంపులు అమర్చి, అడుగున ఉన్న నీటిని ప్రధాన పంపులకు దారితీసే కాలువలోకి తోడుతారు. అక్కంపల్లి జలాశయం, కోదండాపురం శుద్ధి కేంద్రం మీదుగా అది నగరానికి చేరుతుంది. 2024 వేసవిలో ఈ ఏర్పాటే నగరాన్ని ఆదుకుంది.

అయితే అత్యవసర పంపు కొత్త నీటిని పుట్టించదు. వాన వచ్చేవరకు గడువు మాత్రమే ఇస్తుంది, అదీ విద్యుత్తు ఖర్చుతో. నీటిని సమృద్ధి ఉన్ననాడే లెక్కించి దాచుకోవాలన్న లక్ష్మణరావు దృష్టి అందుకే నేటికీ విలువైనది. కృష్ణపై పులిచింతల జలాశయం డాక్టర్ కె.ఎల్.రావు సాగర్‌గా ఆయన పేరును నిలుపుతోంది.