ఉరికంబం ఎక్కిన మనిషి, ఊళ్ళో మిగిలినవాళ్ళు

కోరాపుట్ పెద్దాసుపత్రికి షహీద్ లక్ష్మణ్ నాయక్ పేరు పెట్టారని మనందరికీ తెలుసు. మా ఇంట్లో అమ్మ ఒడియా, నాన్న తెలుగు. ఇద్దరి వైపు వాళ్ళూ గౌరవంగా తలుచుకునే పేరు అది.

ఆయన 1899 నవంబరు 22న బొయిపరిగూడ దగ్గర తెంతులిగుమ్మలో, భూమియా గిరిజన కుటుంబంలో పుట్టారు. అప్పట్లో మన ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. 1936లో ఒడిశాలో కలిసింది. తండ్రి ముస్తాదారు కాబట్టి కొడుకు కూడా దర్జాగా బతకొచ్చు. కానీ వెట్టిచాకిరీ చూసి ఊరుకోలేక కాంగ్రెస్‌లో చేరారు. ఊరూరా తిరిగి నూలు వడకమని, సారా మానమని చెప్పారు.

1942 ఆగస్టు 21న జనాన్ని మథిలి పోలీస్ స్టేషన్‌కి ఊరేగింపుగా తీసుకెళ్ళారు. పోలీసులు కాల్చారు. మనుషులు చనిపోయారు. ఒక ఫారెస్టు గార్డు హత్య కేసు ఆయన మీద పెట్టి, 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరితీశారు. అప్పటికి ఆయనకి 43 ఏళ్ళు.

పాఠం అక్కడితో అయిపోతుంది. నాకు మాత్రం ఆ కాల్పులు కళ్ళారా చూసి ఇంటికి నడిచి వెళ్ళినవాళ్ళు గుర్తొస్తారు. అలాంటివి చూసిన అందరికీ కాకపోయినా కొందరికి ఆ రోజు ముగియదు. తలుపు చప్పుడైనా ఉలిక్కిపడతారు. అదే కల మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఆ దారిలో అడుగు పెట్టలేరు. నెల దాటినా ఇది తగ్గకుండా రోజువారీ బతుకుకి అడ్డుపడితే పీటీఎస్‌డీ కావచ్చు. అమెరికా మానసిక వైద్యులు ఆ పేరుని తమ జబ్బుల పట్టికలో చేర్చింది 1980లో. మన ఇళ్ళల్లో దాన్ని జడుపు అనేసి తాయెత్తు కడతారు. లేకపోతే పిరికిది అని నవ్వుతారు.

యుద్ధానికి వెళ్ళిన సైనికులకే వస్తుందనుకోకండి. 2017లో కూనేరు దగ్గర హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పినట్టు రైలు ప్రమాదమైనా, ఇంట్లో దెబ్బలైనా చాలు.

దీనికి వైద్యం ఉంది. శిక్షణ ఉన్నవాళ్ళు ఆ జ్ఞాపకాన్ని కొంచెం కొంచెంగా మాటల్లోకి తెప్పిస్తారు, భయపడి మానేసిన పనుల దగ్గరికి మెల్లగా తీసుకెళ్తారు. అవసరమైతే సెర్ట్రలిన్ లాంటి మందులు డాక్టరు రాస్తారు. చెప్పడానికి ఇష్టపడనివాళ్ళని మాత్రం గుచ్చి గుచ్చి అడగకూడదు.

మన హాస్టల్లో రాత్రిళ్ళు ఎవరైనా అరిచి లేస్తుంటే నవ్వకండి. పక్కన కూర్చోండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కి ఫ్రీగా ఫోన్ చేయొచ్చు. ఆసుపత్రికి వెళ్తానంటే తోడు వెళ్ళండి.